కుడితి కలిపిన చెయ్యి

మూడో తొట్టిలో చేపలు గూనివైపోతున్నాయని నాయిన ఫోన్ చేసినప్పుడు నేను ల్యాబులో చేతి తొడుగులు వేసుకుంటున్నాను.

“గూని ఏంది నాయినా? రోగమా?”

“రోగమైతె తిండి మానేస్తయి గదనే. ఇవి మంచిగ తింటున్నయి. పెరుగుతున్నయి. నడుములే వంగుతున్నయి. అచ్చం మన కిష్టయ్య లెక్క.”

కిష్టయ్య మా వాడకట్టు మనిషి. నలభై ఐదేళ్లకే నడుము నేలవైపు వంగిపోయింది. ఎదురొచ్చిన వాళ్లను చెప్పులు చూసి గుర్తుపడతాడు. మా నెమిలిగుట్టలో అలాంటి వాళ్లు ఇంటికొకరున్నారు. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్లకు గారలు పట్టిస్తుంది, ఎముకలను బిగదీసి వంచేస్తుంది. నడుమ కొన్నేళ్లు దూరం నుంచి పైపుల్లో నది నీళ్లు వచ్చాయి. రెండేళ్లు వరసగా వానలు మొహం చాటేయడంతో పైపులు ఎండిపోయి, ఊరు మళ్లీ బోరుకే వచ్చి నిలబడింది.

చెరువు అంతకుముందే ఎండింది. మాది ముదిరాజుల ఇల్లు. చెరువు లేకపోతే మాకు చేప లేదు, చేప లేకపోతే పని లేదు. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేను. సూక్ష్మజీవశాస్త్రం చదివి జిల్లా కేంద్రంలో ఒక చిన్న పరిశోధనశాలలో చేరాను. చేరిన ఏడాదే ఇంటి వెనక నాలుగు బయోఫ్లాక్ తొట్లు పెట్టించాను. ఇనుప జాలీని గుండ్రంగా నిలబెట్టి, లోపల టార్పాలిన్ పరిచి, నీళ్లు నింపి, గాలి పంపే గొట్టాలు వేశాం. వాటిలో తిలాపియా పిల్లలను వదిలాం.

నీళ్లు మార్చనవసరం లేని పెంపకం ఇది. చేపల మలం, మిగిలిన మేత నీటిలో చేరి విషమవుతాయి. రోజూ ఇన్ని బెల్లం నీళ్లు పోస్తే సూక్ష్మజీవులు ఆ విషాన్ని తిని, గోధుమరంగు తునకలుగా ముద్దకడతాయి. ఆ తునకలనే చేపలు మళ్లీ తింటాయి. ఇదంతా ఇంట్లో వివరించి చెప్పిన రోజు మా పెద్దమ్మ తొట్టిలోకి తొంగిచూసి ముక్కు మూసుకుంది.

“గీ మురికిల చాపలెట్ల బతుకుతయే? సదువుకున్నోళ్లకు నీళ్లు మార్చ బద్ధకమా?”

పెద్దమ్మ పేరు అండాలు. నాయినకు వదిన. పెదనాన్న పోయాక మా ఇంట్లోనే ఉండిపోయింది. నాకు రెండేళ్లప్పుడు మా అమ్మ పోతే నన్ను పెంచింది ఆమే. మోచేతులు పూర్తిగా చాచలేదు, మెడ పక్కకు తిప్పలేదు. ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరిగి చూస్తుంది.

*

నేను ఇంటికి చేరేసరికి నాయిన మూడో తొట్టి దగ్గర వలబుట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక చేపను తీసి నా అరచేతిలో పెట్టాడు. ఆరోగ్యంగానే ఉంది, మెరుస్తోంది. కాని వెన్ను కొడవలిలా వంగి ఉంది. వీపు మీది ముళ్లు మామూలు చేపకంటే లావుగా, సూదుల్లా గట్టిగా ఉన్నాయి.

మిగతా మూడు తొట్లలో అన్నీ తిన్నని చేపలే.

“ఈ తొట్టిల వేరేగ ఏమేసిన్రు?” అని అడిగాను.

నాయిన పెద్దమ్మ వైపు చూశాడు. పెద్దమ్మ చీర కొంగు సర్దుకుంది.

“కుడితి పోసిన,” అంది.

“ఏంది?”

“బర్రెను అమ్మితిమి గదా. పొద్దుగాల లేస్తె చేతులు ఊకుంటలేవు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, ఇంత తవుడు, చింతపండు పిప్పి... పారబోయ బుద్ధికాలె. నీ చాపలు మురికి తింటయంటివి. మురికి తినేటివి కుడితి తినవా?”

“ఎన్ని రోజుల సంది?”

“బెల్లం నీళ్లు బందు పెట్టి మూడు నెలలాయె. గా తొట్టి ఒక్కదాన్లనే. నువ్వు కోపం చేస్తవని చెప్పలె.”

కోపం వచ్చిన మాట నిజం. అయినా పద్ధతి ప్రకారం నాలుగు తొట్ల నీళ్లూ సీసాల్లో పట్టుకుని ల్యాబుకు తీసుకెళ్లాను. మా బోరు నీళ్లలో లీటరుకు దాదాపు ఆరు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. ఒకటిన్నర దాటితేనే ప్రమాదం. మొదటి తొట్టి ఆరు చూపించింది. రెండోదీ, నాలుగోదీ అంతే. మూడో తొట్టి సున్నా పాయింట్ ఆరు.

మీటరు పాడైందనుకున్నాను. ఇంకో మీటరు తెచ్చాను. అదీ ఆ మాటే చెప్పింది. మా డైరెక్టర్ డాక్టర్ సుధీంద్ర గారు వచ్చి, తనే సీసా కడిగి, తనే నీళ్లు పోసి చూశారు. తరవాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“చేప తెచ్చావా?” అని అడిగారు.

తెచ్చాను. కండ వేరుగా, ముల్లు వేరుగా పరీక్షించాం. కండలో ఏమీ లేదు. ఫ్లోరైడంతా ముల్లులో ఉంది. నీటిలో ఉన్నదాన్ని ఏదో సూక్ష్మజీవి తన ఒంటి చుట్టూ గింజల్లా పేర్చుకుంటోంది. దాన్ని చేప తింటోంది. మా ఎముకలకు పట్టాల్సిన వంకర ఆ మూగజీవాలకు పట్టింది.

సుధీంద్ర గారు ఆ అంకెలను తన పుస్తకంలో మరోసారి రాసుకున్నారు. ఆ తరవాత, “మీ పెద్దమ్మ గారి పాదాలకు దండం పెట్టాలి,” అన్నారు.

*

అంతటితో అయిపోలేదు. ల్యాబులో అదే తవుడుతో, అదే చింతపండు పిప్పితో, కొలతలు తప్పకుండా కుడితి చేశాం. నీళ్లు మారలేదు. పెద్దమ్మ వాడే కుండను తెచ్చి ఆ సూక్ష్మజీవి కోసం వెతికాం. లేదు. తవుడు మిల్లు దాకా వెళ్లి వెతికాం. లేదు. చివరకు ఒకరోజు ఇంటి దగ్గర ఆమె కుడితి కలుపుతుంటే చూశాను. మోచేతి దాకా చెయ్యి ముంచి, గంజి ముద్దలను వేళ్ల నడుమ పిసికి పిసికి విడగొడుతోంది.

గోళ్ల కింద నుంచి దూదిపుల్లతో కొంచెం తీసుకుని సూక్ష్మదర్శిని కింద పెట్టాను. అక్కడ ఉన్నాయి, గుంపులు గుంపులుగా.

అవి మనిషి చర్మం మీదే బతుకుతున్నాయి. ఒంటి వేడి, చెమట, నూనె కావాలి వాటికి. ల్యాబు ప్లేట్ల మీద రెండో రోజు దాటి ఒక్కటీ మిగల్లేదు. తొట్టిలో వదిలితే నాలుగైదు రోజులు పని చేస్తాయి, తరవాత నీరసిస్తాయి. మళ్లీ చెయ్యి పడాలి. కొత్త తొట్టిలో కుదురుకోవాలంటే పదకొండు రోజులు వరసగా ఆ చెయ్యి కలపాలి. మామూలు యాంటీబయాటిక్ చుక్క పడితే గంటలో చచ్చిపోతున్నాయి.

పెద్దమ్మ చేతికి ఎక్స్‌రే తీయించాం. మోచెయ్యి, మణికట్టు ఎముకలు ముళ్లకంపలా ఉన్నాయి. వేళ్ల ఎముకలు మాత్రం చిన్నపిల్ల వేళ్లలా శుభ్రంగా ఉన్నాయి.

“నలభై ఏండ్లు కుడితి పిసికిన,” అంది పెద్దమ్మ ఆ ఫిలిం చూసి. “ఒళ్లంత వంగింది గని ఏళ్లు వంగలె. గిది నాకెప్పుడో ఎరుక. మీకు ఫోటో దిగితెగని తెల్వదా?”

చుట్టుపక్కల ఇరవై రెండు ఊళ్లను ఎంచుకున్నాం. ఊరికొక తొట్టి. తొట్టి నీళ్లను ఇసుకలో వడగట్టి, కాచి తాగడానికి ఇవ్వాలి. వంగిన చేపలను సంతలో ఎవరూ కొనరు కాబట్టి ఆ తొట్ల మీద రాబడి ఆశ వదులుకోవాలి. మా ఇంటి నాలుగు తొట్లనూ నాయినే ముందుగా నీళ్లకు ఇచ్చేశాడు. “ఊరు నిలబడ్డంక చాపల సంగతి చూద్దాం తియ్యి,” అన్నాడు, అంతే.

నిబంధనలు రాసింది నేను. అందులో మొదటిది, అండాలు గారు తప్ప మరెవ్వరూ తొట్టిలో గాని, కుడితిలో గాని చెయ్యి పెట్టరాదు. వేరే చేతి మీది క్రిములు చేరితే అసలువి చచ్చిపోతాయని నా భయం. ఆమె రాని రోజుల్లో కుడితి కలపడానికి ప్రతి ఊరికీ ఒక పొడవాటి చెక్క తెడ్డు ఇచ్చాను. బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించాను. చదవలేని వాళ్లకు నేనే చదివి వినిపించాను. నా ఉద్యోగంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకొకటి లేదు.

*

మూడు నెలలు ఆటోలో తిరిగాం, నేనూ పెద్దమ్మా. ఏ ఊరికి వెళ్లినా ఆడవాళ్లు గుమిగూడేవారు.

ఈదులకుంటలో తొట్టి చూసుకునే కళమ్మ నోరున్న మనిషి. “వచ్చిందమ్మా సర్కారు చెయ్యి! జరగుండ్రి, జరగుండ్రి!” అని అరిచేది. పెద్దమ్మ ఆటోలోంచి దిగుతూనే, “నీ నోరు గీ తొట్టిల కడిగితె చాపలు తిన్నగైతయి కళా,” అనేది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వులే నవ్వులు.

ఒక ఊళ్లో కుదురుకున్నాక అక్కడికి నాలుగు రోజులకొకసారి వెళ్లాలి. ఒకటి, రెండు, అయిదు, తొమ్మిది ఊళ్లయ్యాయి. తొమ్మిది ఊళ్లలో నీళ్ల లెక్క ఒకటి లోపలికి దిగింది. ఈదులకుంట బడిలో పిల్లలు సీసాల్లో నీళ్లు పట్టుకుపోతుంటే పెద్దమ్మ ఒంటిని మొత్తం తిప్పి, వాళ్లు మలుపు తిరిగే దాకా చూసింది.

ఇంకా పదమూడు ఊళ్లున్నాయి. రోజుకు మూడు నాలుగు ఊళ్లు తిరుగుతుంటే ఆమె మోకాళ్లు వాచేవి. “ఒకరోజు ఆగుదమా?” అంటే, “ఆగితె అవి ఆగుతయా?” అనేది.

ఆ వారం నేను ఆటోలో ఒక విషయం గమనించాను. పెద్దమ్మ కుదుపుల్లో ఎప్పుడూ కుడిచేత్తో కడ్డీ పట్టుకునేది. ఆ రోజు ఎడమచెయ్యి వేసింది. కుడిచెయ్యి కొంగులో ఉంది.

“ఏమైంది పెద్దమ్మా?”

“ఏం కాలె.”

కొంగు లాగాను. అరచేతి మొదట్లో గుడ్డ కట్టు, పసుపు. గుడ్డ విప్పాను. చెయ్యి నల్లబడి ఉబ్బి ఉంది. ఎర్రటి చార మోచేతి వైపు పాకుతోంది.

“ఎన్ని రోజులాయె?”

“నాలుగు. ఈదులకుంటల చచ్చిన చాపను తీస్తుంటె ముల్లు దిగింది. గట్టి ముండ్లు గదా.”

“నాలుగు రోజులు! నాకు చెప్పొద్దా?”

“చెప్తె దవాఖానకు తీస్కపోతవు. దవాఖానల సూది ఏస్తరు. సూది ఏస్తె ఇవి సస్తయి గదా,” అని తన వేళ్లు చూపించింది. “నువ్వే అంటివి, గంటల సస్తయని.”

*

ఆసుపత్రిలో డాక్టరమ్మ చెయ్యి చూసి, నన్ను బయటకు పిలిచి నేరుగా చెప్పింది. “చేపముల్లు గాయాన్ని తక్కువ చేసి చూశారు. ఇప్పుడే మందులు మొదలుపెట్టాలి. చెయ్యి ఎంతవరకు దక్కుతుందో చెప్పలేను. ఆలస్యమైతే మనిషే దక్కదు.”

నేను సుధీంద్ర గారికి ఫోన్ చేశాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పాను.

“ఎల్లుండి నగరం నుంచి మనవాళ్లు వస్తున్నారు స్వరూపా. చర్మంలాంటి పొరలు తయారుచేశారు. వాటి మీద అవి బతికే అవకాశం ఉంది. ఎల్లుండి దాకా... ఏదైనా మార్గం ఉందా?”

“లేదంటున్నరు సార్.”

“పదమూడు ఊళ్లు. ఉన్న తొమ్మిది కూడా వారంలో పోతాయి.” అన్నారాయన. “నేను ఆగమని చెప్పడం లేదు. లెక్క చెప్తున్నానంతే. నిర్ణయం నీది.”

ఆయనది తప్పని నేను ఆరోజూ అనుకోలేదు, ఈరోజూ అనుకోను. అదే లెక్క నా తలలోనూ ఉంది.

లోపల పెద్దమ్మ జ్వరంతో మండిపోతోంది. నా చెయ్యి పట్టుకుంది. “వద్దని చెప్పు. ఎల్లుండిదాక ఓర్చుకుంట. నాకేం కొత్తనా నొప్పులు?” అంది. మళ్లీ మళ్లీ అదే మాట. కాసేపటికి మాటలు తడబడి, నన్ను ఎవరనుకుందో, “బిందె దించు, బిందె దించు,” అనడం మొదలుపెట్టింది.

ఆ బిందె సంగతి నాకు తెలుసు. మా ఊరికి మూడు కిలోమీటర్ల అవతల గుట్ట వెనక ఒక ఊట బావి ఉండేది. అందులో ఫ్లోరైడ్ లేదు. నాకు పన్నెండేళ్లు వచ్చి ఆ బావి ఎండేదాకా పెద్దమ్మ రోజూ అక్కడికి నడిచి ఒక బిందె తెచ్చేది. ఒక్క బిందె. అది నాకే. తనూ నాయినా బోరు నీళ్లే తాగారు. మా బడిలో అందరి పళ్లూ గారపట్టి ఉంటే నావి తెల్లగా ఉన్నాయని నేను చిన్నప్పుడు మురిసిపోయాను. అవి ఎందుకు తెల్లగా ఉన్నాయో కాలేజీలో ఫ్లోరైడ్ పాఠం విన్న రోజు తెలిసింది. తరగతి మధ్యలో లేచి బయటకు వెళ్లి నిలబడ్డాను.

నర్సు సంతకం పెట్టాల్సిన కాగితం తెచ్చింది. నాయిన దాన్ని నా చేతికిచ్చాడు.

“నాకేం తెల్వదు బిడ్డా. నీకెరుక. నువ్వే పెట్టు.”

“వద్దంటుంది గద నాయినా.”

“అంటది. ఎప్పుడు అడిగినా వద్దనే అంటది. అన్నం తింటవా అంటె గూడ వద్దనే అంటది.”

రెండు చేతుల గోళ్ల కింది నుంచి దూదిపుల్లలతో తీసి ప్లేట్ల మీద రుద్దాను. రెండు రోజుల్లో చస్తాయని తెలిసే రుద్దాను. ఆ తరవాత సంతకం పెట్టాను.

మణికట్టుకు పైన కుడిచెయ్యి తీసేశారు. మనిషి దక్కింది. ప్లేట్ల మీద ఉన్నవి నగరం వాళ్లు వచ్చేసరికి ఒక్కటీ లేవు. ఎడమచేతి గోళ్ల కింద వెతికాను. అక్కడా లేవు.

మూడో రోజు ఆమెకు పూర్తిగా తెలివి వచ్చింది. మొదట చేతిని చూసుకోలేదు. “ఎన్ని ఊర్లు మిగిలినయి?” అని అడిగింది.

“పదమూడు.”

“నువ్వు సదివింది గిందుకేనా?” అని గోడవైపు తిరిగింది. నేనున్నంతసేపు మళ్లీ ఇటు తిరగలేదు.

*

తొమ్మిది ఊళ్లలో నీళ్లు ఎప్పుడు చెడతాయో కనిపెట్టి జనాన్ని హెచ్చరించాలి. అది నా బాధ్యత. ఆసుపత్రి విడిచి రాలేక ఆలస్యమైంది; పెద్దమ్మను అక్కడ చేర్చిన పన్నెండో రోజున మీటరు పట్టుకుని బయలుదేరాను. ముందు వేరే మూడు ఊళ్లు చూశాను. పాత లెక్కకు అర పాయింటు, పావు పాయింటు తేడా. ఏ ఊళ్లోనూ ఒకటి దాటలేదు. మధ్యాహ్నానికి ఈదులకుంట చేరాను. సున్నా పాయింట్ అయిదు.

ఇలా ఉండకూడదు. చెయ్యి పడి పక్షం రోజులు కావస్తోంది.

కళమ్మ తొట్టి పక్కన నిలబడి నా వైపు చూడకుండా నేలను చూస్తోంది. నేను ఇచ్చిన తెడ్డు కోసం చూశాను. రెండు గుంజల మధ్య అడ్డంగా కట్టి ఉంది. దాని మీద చీరలు ఆరేసి ఉన్నాయి. చెక్క కొత్తగా, పొడిగా, నీటి మరక లేకుండా ఉంది.

“కళమ్మా, కుడితి దేంతోటి కలుపుతున్నరు?”

“తెడ్డుతోటే మేడం.”

“కళమ్మా.”

ఆమె తల ఎత్తింది. “తిట్టవు గదా?”

“తిట్ట.”

“తెడ్డుతోటి కుడితి కలుస్తదా చెప్పు. ఉండలు ఉండల్లెక్కనే ఉంటది. ఆ ఉండలు ఏస్తె చాపలు గూడ ముట్టవు. మొదటి దినం సందే చేతితోటి పిసుకుతున్నం. నేనూ, మా కోడలూ, ఆ ఎదురింటి లింగమ్మ.”

“పెద్దమ్మకు తెలుసా?”

“పక్కన్నే కూసుండి చూసింది. ‘మీకు పిసుకుడు రాదు, గిట్ల ఏళ్ల సందున తియ్యాలె’ అని చూపిచ్చింది గూడ. మా స్వరూపకు చెప్పకుండ్రి, పిల్ల పరేషానైతదన్నది.”

“మరి మీరైనా...”

“నువ్వు రాసిచ్చినవు, మేము ఇనలె. తప్పయింది. నీళ్లు చెడిపోయినయా?”

నేను ఆమె రెండు చేతులూ పట్టుకుని గోళ్ల కింద దూదిపుల్ల తిప్పాను. ఆటోలో పెట్టుకున్న చిన్న సూక్ష్మదర్శినిని అక్కడే, నీళ్ల డ్రమ్ము మూత మీద పెట్టుకుని చూశాను.

ఉన్నాయి. గుంపులు గుంపులుగా.

నేను నేల మీద కూర్చుండిపోయి ఏడిస్తే కళమ్మ భయపడి నీళ్ల చెంబు తెచ్చింది. “ఏడ్వకు మేడం, ఇగ చెయ్యి పెట్టం,” అంది. పెట్టమని బతిమాలాను.

తొమ్మిది ఊళ్లలో మొత్తం ముప్పై ఒక్కమంది ఆడవాళ్ల చేతుల్లో అవి దొరికాయి. ఏ ఒక్క ఊళ్లోనూ నా నిబంధన ఒక్కరోజు కూడా అమలు కాలేదు. వాళ్లు నా మాట విననందుకు ఈ జన్మంతా వాళ్లకు రుణపడి ఉంటాను. రెండు వారాల్లో ఆ ముప్పై ఒక్కమందిలో కొందరు మిగతా పదమూడు ఊళ్లకు తమ చుట్టాలింటికి పోయినట్టు పోయి, పదకొండు రోజులుండి, కుడితి కలిపి, అక్కడి వాళ్లకు పిసుకుడు నేర్పి వచ్చారు. సుధీంద్ర గారు మొదటి నిబంధన కొట్టేసి, కాగితం నాకు ఇవ్వకుండా తన జేబులో పెట్టుకున్నారు.

*

ముప్పై ఒక్కమంది లెక్క తేలిన రోజే నేను వెళ్లి పెద్దమ్మకు చెప్పాను. ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. కట్టు ఇంకా విప్పలేదు.

“ముప్పై ఒక్కమందికా?” అంది.

“అవును.”

“కళమ్మకు గూడనా?”

“ముందుగాల ఆమెకే.”

“దాని చేతిల గూడ బతికినయంటె గట్టియే.” నవ్వింది. ఆసుపత్రి తరవాత అదే మొదటి నవ్వు.

నేను నవ్వలేకపోయాను. “వాళ్లు పిసుకుతున్నరని నాకు ముందే చెప్పి ఉంటె పెద్దమ్మా... వాళ్ల చేతులు చూస్తుంటి. ముల్లు గుచ్చుకున్ననాడే నువ్వు దవాఖానకు పోతుంటివి. చెయ్యి ఉంటుండె.”

ఆమె ఎడమచేత్తో కట్టు అంచు సర్దుకుంది.

“వాళ్ల చేతులకు పోతయని నాకేమెరుక? నా చేతిలనే ఉంటయని నువ్వే అంటివి. సదువుకున్న పిల్ల చెప్పింది గదా, నిజమే ఉంటదనుకున్న.”

ఆ మాటలో నింద లేదు. ఉన్న సంగతి చెప్పింది. అందుకే అది నాలో అలాగే ఉండిపోయింది. నేను ఒక నిబంధన రాశాను. ఊళ్లన్నీ దాన్ని పక్కన పెట్టాయి. నమ్మింది ఆమె ఒక్కతే.

అన్నం వేళయింది. పెద్దమ్మ ఎడమచేత్తో అన్నం తినదు. చెంచా ఇస్తే ఇనుము వాసనంటుంది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి రోజుకొక ఊరి ఆడవాళ్లు వచ్చి తినిపించి పోతున్నారు. వంతుల కోసం వాళ్లలో వాళ్లకు తగువులు కూడా అయ్యాయట. ఆ రోజు వంతు ఉన్నవాళ్ల ఆటో చెడిపోయిందని కబురొచ్చింది.

నేను చేతులు కడుక్కుని కంచం తెచ్చాను. వంకాయ పులుసు, అన్నం. పదిహేడేళ్లు చదివాను గాని, ఒకరికి అన్నం కలిపి పెట్టడం నాకదే మొదటిసారి.

“పెద్దమ్మా, నేను రాసిన రూలు వల్లనే...”

“మాట్లాడుకుంట కలిపితె ఉప్పు ఒక్క దిక్కే ఉంటది. ముందుగాల సక్కగ కలుపు.”

కలిపాను. ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను. మెడ తిప్పలేదు కాబట్టి ఒళ్లంతా నా వైపు తిప్పి తీసుకుంది. మెల్లగా నమిలింది. మింగింది. నా ముఖంలోకి చూసింది.

“ఇంత చిన్నగనా? పసిపిల్లకు పెట్టినట్టు పెడుతున్నవు. జర పెద్దగ చెయ్యి బిడ్డా, ఆకలైతుంది.”

పెద్దగా చేశాను.